ముఖం టీ

బందరు,
బుధవారం

ప్రియమైన నా బంగారు తండ్రి ఫైసల్‌కు,

మీ అబ్బా బాజి నిన్నూ కోడలు షిఫానూ అల్లా చల్లగా చూడాలని దువా చేసి రాసేది. ఫోన్లో నా చెవులకు ఒక్క ముక్కా ఆనదు. నువ్వేమో ఆ రోజు నుంచీ ఫోనే పెట్టుకోనంటివి. కాబట్టి మనకీ ఉత్తరాలే గతి. గతి ఏమిటిలే, నాకిది పండగ! ఎందుకో చెప్తాను, కూర్చుని చదువు.

మన టాక్సీ డ్రైవర్ల రక్షణ కోసం రూల్సు పెట్టాలని కౌన్సిల్లో మాట వచ్చింది. నిన్న నేనూ వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. మన వార్డు కార్పొరేటరు సత్యనారాయణ గారు లేచి మాట్లాడారు. నాకు సగమే వినపడింది గానీ పక్కన మన స్టాండు బాలస్వామి చెవిలో చెబుతూనే ఉన్నాడు. డ్రైవరు సీటు వెనక ఇనప జాలీ ఉండాలట. నొక్కితే పోలీసులకు తెలిసే మీట, కెమెరా కూడా ఉండాలట. ఒకాయన లేచి, "జాలీ చూస్తే మంగినపూడి బీచికొచ్చేవాళ్ళు భయపడరా, అది కారా కోళ్ళ గంపా?" అన్నాడు. అందరూ నవ్వారు. సత్యనారాయణ గారు మాత్రం నవ్వలేదు. "మన బాజీ గారి కొడుకు మెడ మీద కత్తి గాటు చూసి నవ్వండి" అన్నారు. నాకు ఏడుపాగలేదు నాన్నా. సంతోషంతోనే.

రూల్సు వచ్చేస్తాయి, నువ్వూ వచ్చెయ్యి. రొయ్యల చెరువుకు మేత చల్లటం నీ పనా? రోజూ పొద్దున్నే నీ కారు తుడిచి, కాసేపు ఇంజను ఆడించి ఆపుతున్నాను. మీ అమ్మీ అంటుంది, "కొడుకును కూడా అంత ముద్దుగా తుడవలేదు మీరు" అని.

ఒక్కటే నా మనసులో ముల్లు. కిరాయికి ఎవరొచ్చినా ముందు అంజి కొట్టు దగ్గర ఒక టీ తాగించి, స్టాండులో నలుగురూ ఆ మనిషి మొహం చూశాకే తాళం తిప్పాలని పద్ధతి పెట్టిందే నేను. ముఖం టీ అని దానికి పేరు కూడా నా వల్లే వచ్చింది. నా కొడుకువై ఉండి ఆ రోజు అదే మరిచిపోతివి. తాగించి ఉంటే ఆ దుర్మార్గుడు ఈపాటికి దొరికేవాడు కదరా! సర్లే, తిట్టను. సంతోషంగా ఉన్నాను.

వేయి దువాలతో,
నీ అబ్బా,
షేక్ బాజి


అవనిగడ్డ,
సోమవారం

ప్రియమైన అబ్బాకు,

మీ ఉత్తరం అందింది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మెడ గాయంతో చచ్చుబడ్డ ఎడమ చేతి వేళ్ళు ఇప్పుడు కొంచెం ముడుచుకుంటున్నాయి. గేరు రాడ్డు పట్టేంత కాదు, మేత గిన్నె పట్టేంత.

రూల్సు రావటం మంచిదే. కానీ మీరు ఆ కౌన్సిల్ చుట్టూ తిరక్కండి. సత్యనారాయణ గారి దగ్గరికీ వెళ్ళకండి. కారు ఎవరికైనా ఇచ్చేయండి. ముఖం టీ సంగతి ఇక రాయకండి అబ్బా, అదొక్కటే నేనడిగేది. అమ్మీకి సలాం.

మీ
ఫైసల్


బందరు,
గురువారం

ప్రియమైన నా పిచ్చి తండ్రికి,

కారు ఇచ్చేయమంటావా? ఈ ఉత్తరం చదివాక ఆ మాట అను చూద్దాం!

నిన్న సత్యనారాయణ గారు స్వయంగా మనింటికొచ్చారు. మన నులక మంచం మీదే కూర్చున్నారు. మీ అమ్మీ కంగారులో సేమ్యాలో పంచదార రెండుసార్లు వేసింది. పాపం ఆయన మారు మాట్లాడకుండా తినేశారు. వచ్చే మంగళవారం రూల్సు పాసవుతాయట. అక్కడే నాకు శాలువా కప్పుతారట. జన్మంతా స్టీరింగు తిప్పినోణ్ణి, నాకు శాలువా! బాలస్వామి నన్ను కావిలించుకుని, "మావయ్యా, మమ్మల్ని క్షమించు" అంటూ భోరున ఏడ్చాడు. "నీకెందుకు క్షమాపణరా, స్టాండు ప్రెసిడెంటువి, నా కొడుకు ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ వచ్చి చూశావు" అన్నాను. ఇంకా ఏడ్చాడు. ఎంత మెత్తని మనసో.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. మొదటి జాలీ మన కారుకే! సత్యనారాయణ గారి బామ్మరిది హేమంత్‌కు వెల్డింగు షెడ్డు ఉంది కదా, ఊళ్ళో టాక్సీలన్నిటికీ అతనే బిగిస్తాడట. నమూనాకి మన కారు అడిగారు. హేమంతే వచ్చి వెనక సీట్లో కూర్చుని కొలతలు తీసుకున్నాడు. టేపు చేతిలోంచి రెండుసార్లు జారిపోయింది. ఒంట్లో బాగోలేదేమోనని నేనే టీ కలిపిచ్చాను. తాగలేదు, పక్కన పెట్టేశాడు. ఇవాళ బిగించి వెళ్ళిన జాలీ మాత్రం గట్టిది. వెనక నుంచి చెయ్యి కాదు కదా, వేలు కూడా దూరదు.

నాకింకేం కావాలి? మంగళవారానికి నువ్వొచ్చి నా పక్కన కూర్చో.

ఆనందం పట్టలేని,
నీ అబ్బా


అవనిగడ్డ,
ఆదివారం

అబ్బా,

రాయకూడదని చాలా అనుకున్నాను. మీ ఉత్తరం చదివాక అన్నం దిగటం లేదు. షిఫా, "ఇప్పుడు కూడా చెప్పకపోతే ఆయన చేత వాడి కాళ్ళు కూడా కడిగిస్తావా?" అంది.

ఆ రోజు నేను ముఖం టీ మరిచిపోలేదు. సాయంత్రం నమాజు అయ్యాక స్టాండు నిండా మనవాళ్ళు ఉండగానే తాగించాను. అంజి పోశాడు. బాలస్వామి అయితే వాడితో జోకులేశాడు. ఆ మనిషి హేమంతే. తెలిసినవాడే కదా, వీడికెందుకులే అనుకోలేదు. మీ పద్ధతి తప్పలేదు.

చల్లపల్లి దాటాక సీసా తీశాడు. "కారులో వద్దన్నా, ఇంట్లో ఆడవాళ్ళు ఎక్కే బండి" అన్నాను. అంతే, వెనక నుంచి మెడ పట్టి కత్తి దించాడు. మీరు కొలతలకు కూర్చోబెట్టింది అదే సీట్లో.

ఆసుపత్రికి బాలస్వామి వచ్చింది నన్ను చూడటానికి కాదు. "స్టాండు స్థలం సత్యనారాయణ గారి చేతిలో ఉంది తమ్ముడూ. పేరు బయటపెడితే అందరం రోడ్డున పడతాం. పెట్టకపోతే మనకు రక్షణ రూల్సు తెస్తానని మాటిచ్చాడు. అయినా మేమెవరం వాడి మొహం చూడలేదు" అన్నాడు. ఒక్కడైనా వచ్చి చూశానంటాడని ఎదురుచూశాను. ఎవరూ రాలేదు. ఆ స్టాండంటే మీకు ప్రాణం. అది కూలిపోవటం మీరు చూడలేరని, టీ మరిచిపోయానని చెప్పి తప్పు నా మీద వేసుకున్నాను.

జాలీ డ్రైవరు వెనకాల కడతారు అబ్బా. నన్ను పొడిచింది వెనక ఉన్నవాడొక్కడే కాదు.

మీ
ఫైసల్


బందరు,
బుధవారం

నాయనా ఫైసల్,

నీ ఉత్తరం నిన్న కౌన్సిల్‌కు బయల్దేరబోతుంటే అందింది. మీ అమ్మీకి చదివి వినిపించాను. ఏడవలేదు. గుమ్మంలో పెట్టిన నా చెప్పులు తీసి లోపల పెట్టింది. అయినా వేసుకుని వెళ్ళాను.

రూల్సు పాసయ్యాయి. అందరూ బల్లలు చరిచారు. నన్ను పిలిచారు. శాలువా పట్టుకుని సత్యనారాయణ నవ్వుతున్నాడు. అక్కడ చాలా మాట్లాడాలనుకున్నాను. కానీ శాలువా భుజం మీద పడకముందే పక్కకు తప్పుకుని వచ్చేశాను. "సంతోషంతో పెద్దాయనకు మాట రావటం లేదు" అని మైకులో అన్నారట.

తిన్నగా స్టాండుకు వెళ్ళాను. బాలస్వామి, మిగతావాళ్ళు నా వెనకే వచ్చారు, కౌన్సిల్లో జరిగింది చెప్పుకుంటూ. అంజితో, "అందరికీ టీ పొయ్యి. నా కొడుకు తాగించిన టీ ఆ రోజు హేమంత్ ఎవరెవరి ఎదుట తాగాడో వాళ్ళందరికీ" అన్నాను. అంజి చెయ్యి ఆగిపోయింది. తర్వాత పోశాడు. ఒక్కొక్కడికీ నేనే అందించాను. పట్టుకున్నారు గానీ ఎవడూ తాగలేదు. ఆటోవాళ్ళు హారన్లు కొడుతున్నారు, నాకది బాగా వినపడింది. గ్లాసుల్లో మీగడ కట్టేసింది.

"మావయ్యా, పిల్లలు గలవాళ్ళం" అన్నాడు బాలస్వామి, నేల చూస్తూ.

"నాకూ ఉన్నాడుగా ఒకడు" అన్నాను.

ఇంటికొచ్చి జాలీ నట్లు విప్పి, దాన్ని హేమంత్ షెడ్డు ముందు పడేశాను.

శనివారం పొద్దున్నే నేనూ మీ అమ్మీ కారులో వస్తున్నాం. కళ్ళు బాగానే ఉన్నాయి, తోలగలను. ముగ్గురం పోలీసు స్టేషనుకు వెళ్దాం. నువ్వు పేరు చెప్పు. చూసినవాళ్ళెవరని అడుగుతారు. ఒక్కడూ రాడు, నాకు తెలుసు. ఆ రోజు నేను స్టాండులో లేను గనక నా సాక్ష్యం చెల్లదంటారు. చెల్లకపోనీ. నీ పక్కన నిలబడతాను. నా ముఖమైనా చూస్తారు.

నీ అబ్బా,
బాజి