చాప నాలుగో మూల

బావా,

ఎలా ఉన్నావని అడగను, అడిగినా చెప్పేవాడివి కాదు. నువ్వు పోయి పది నెలలు దాటింది. ఆగిరిపల్లి తోటల్లో కాయ కోతకొచ్చింది. మన పెరట్లో పెద్ద రసం చెట్టు ఈ ఏడు విరగ్గాసింది. నువ్వు చూడాల్సిన కాపు...

ముందు నీ మీద కోపం కక్కేస్తాను. అప్పుడుగాని మిగతాది రాయలేను.

తాండ్ర చాపలకి మూల బరువులు కావాలంటే ఊళ్ళో ఇటుకలు కరువయ్యాయా? హనుమాన్ జంక్షన్ దాకా వెళ్ళి పాత ఇనప సామాన్ల కొట్లో ఆ మూడు ముక్కలు ఏరుకొచ్చావు. "చూడవే మణీ, ఇంతే ఉంది, ఎంత బరువో! ఇంక గాలి మన చాప జోలికి రాదు" అని పిల్లాడిలా మురిసిపోయావు. నాలుగు మూలలకి నాలుగు కావాలని, అందులో పెద్దదాన్ని గ్రైండర్ పెట్టి రెండు చేశావు. ఆ పొడి నీ చొక్కా నిండా పడింది. నేనే చేత్తో దులిపాను, గుర్తుందా?

వాంతులైతే వడదెబ్బ అనుకున్నాం. మజ్జిగ తాగించాను, నెత్తిన తడిగుడ్డ వేశాను. అరచెయ్యి బొబ్బలెక్కితే, "సొన కాలిందిలేవే, ఏటా ఉండేదేగా" అన్నావు. నేనూ అవునన్నాను, కొబ్బరినూనె రాశాను. మామిడి తోటల్లో పుట్టి పెరిగినవాళ్ళం. చెయ్యి కాలితే సొన తప్ప మనకి ఇంకేం తోస్తుంది? బెజవాడలో పెద్ద డాక్టరుగారు ఏం ముట్టుకున్నావని అడిగేసరికే ఆలస్యమైపోయింది. ఆ ఇనప ముక్కల్లోంచి రేడియేషన్ అని కంటికి కనపడని విషం వస్తోందట.

ఆ తర్వాత సంగతులు నీకు తెలీవు. తెల్లబట్టలవాళ్ళు వ్యానులో వచ్చారు. ఆ ముక్కలు, చాపలు, నీ బట్టలు తీసుకుపోయారు. పెరట్లో పైమట్టి గీరి డబ్బాల్లోకి ఎత్తారు. ఇల్లంతా మిషను తిప్పి, ఇంకేం భయం లేదని ఒక కాయితం ఇచ్చారు.

కాయితాన్ని ఎవరు నమ్ముతారు బావా? గుజ్జు పిసకడానికి వచ్చే ఆడవాళ్ళు కంచె దగ్గరే నిలబడి పలకరించి పోయేవాళ్ళు. మీ పెరట్లో ఆరిన తాండ్ర మా పిల్లలకెలా పెడతామమ్మా అని మొహం మీదే అన్నారు. వాళ్ళని తప్పు పట్టను. నాకే నమ్మకం లేదు మరి. ఈ ఎండలకి తాండ్ర పోయకపోతే మన పిల్ల దుర్గని తీసుకుని జి. కొండూరు మా అక్క దగ్గరకి నాట్లకి పోవాలి. అత్తేమో నా కొడుకు తిరిగిన పెరడు వదిలి రానని భీష్మించుకుని కూర్చుంది.

అందుకే నేనే కొలుస్తానన్నాను.

ఏటా మన దగ్గర తాండ్ర కొనే నూజివీడు కాలేజీ మేడంగారు లేరూ, ఫిజిక్స్ చెప్పే ఆవిడ? ఆవిడ కాళ్ళా వేళ్ళా పడి ఆ రేడియేషన్ కొలిచే చేతిమిషను ఒకటి తెచ్చుకున్నాను. టీవీ రిమోట్ కంటే కాస్త లావు. టక్... టక్... అంటుంది. ఏ గొడవా లేనిచోట కూడా కొంచెం అంటూనే ఉంటుందట, మట్టిలోనూ రాతిలోనూ ఎంతో కొంత ఉంటుందట. ముందు దూరంగా ఎక్కడైనా కొలిచి ఆ అంకె రాసుకుని, తర్వాత ఇంటి దగ్గర అంకెలు దానితో పోల్చుకోవాలి. చెయ్యి తొందరపడకూడదు. ముగ్గు వేసేటప్పుడు నడిచినట్టు నడవాలి.

ముగ్గంటే నాకు ఒకరు చెప్పాలా! పెరడంతా ముగ్గుపిండితో గళ్ళు గీశాను. ఒక్కో గడి మీద మిషను పట్టుకుని నిమిషం నిలబడటం, అంకె చెబితే దుర్గ నోట్‌బుక్‌లో రాయటం. మూడు రోజులు పట్టింది. మీ అమ్మ అరుగు మీంచి చూసి, అది అబద్ధాలు కూడా పట్టిస్తుందా అని వెటకారమాడింది.

పట్టించింది బావా.

పెరడంతా శుభ్రంగా ఉంది. ఆ సంబరంలో అత్తకి చూపిద్దామని లోపలి గదిలోకి తీసుకెళ్ళాను. రేకుపెట్టె దగ్గరకి వచ్చేసరికి మిషను గోల పెట్టింది. నాకు ఆ క్షణమే తెలిసిపోయింది.

నీ గీతల చొక్కా.

తెల్లబట్టలవాళ్ళు వచ్చిన రోజు, బట్టలన్నీ ఇవ్వండమ్మా అంటే అన్నీ ఇచ్చేశానన్నాను. ఆ ఒక్కటీ ముందే తీసుకెళ్ళి తోటలో మోటారు షెడ్డు చూరులో దోపాను. వాళ్ళు వెళ్ళాక తెచ్చి పెట్టె అడుగున దాచాను. ఉతకలేదు. అందులో నీ చెమట, సొన కలిసిన వాసన ఉంది. నీదంటూ నాకు ఇంకేం మిగిల్చారు చెప్పు? నువ్వు గ్రైండర్ పట్టిన రోజు వేసుకున్నది అదేనని నాకు గుర్తు లేదా? ఉంది... ఉండీ దాచాను.

ఆ పెట్టె పక్కనే దుర్గ తలపెట్టి పడుకుంటుంది.

సిగ్గు విడిచి చెబుతున్నాను, ముందు మిషను కట్టేశాను. బ్యాటరీ అయిపోయిందని అత్తతో అబద్ధమాడాను. పెరట్లోకి వచ్చి చెట్టు కింద నిలబడ్డాను. అక్కడ కాయలు ఏరేటప్పుడు నువ్వనే మాట చెవిలో పడ్డట్టే అయింది. "గంపలో ఒకటి కుళ్ళితే ముందు దాన్ని తీసి పారెయ్యి. ఎవరి చెట్టు కాయని చూడకు." నీ చెట్టు కాయే బావా. గది తలుపు వేసి గొళ్ళెం పెట్టి, మేడంగారికి ఫోన్ చేశాను.

మళ్ళీ వ్యాను వచ్చింది. చొక్కా, పెట్టె, దుర్గ పరుపు పట్టుకుపోయారు. పెట్టె మోసుకుపోతుంటే కొంగు నోట్లో కుక్కుకున్నాను గానీ ఆపమనలేదు. నా కొడుకు చాలక నా మనవరాలిని కూడా బలి పెట్టబోయావుటే అని అత్త వీధి వినేలా తిట్టింది. పడ్డాను. తప్పు నాదే. ఆ రోజు నుంచి నాతో మాటలు మానేసింది. దుర్గకీ నాకూ రక్తపరీక్షలు చేశారు. బాగానే ఉన్నాయి, ఆరు నెలలకి మళ్ళీ చేయించమన్నారు. చేయిస్తాను.

ఇల్లు మళ్ళీ మొదటినుంచి కొలిచాను. అన్నిచోట్లా దూరపు అంకే వచ్చింది. అప్పుడు కంచె దగ్గర నిలబడ్డవాళ్ళని పిలిచి, చొక్కా సంగతి నా నోటితోనే చెప్పి, మీరే కొలుచుకోండని మిషను చేతికిచ్చాను. ఇద్దరు లోపలికి వచ్చారు. మిగతావాళ్ళు రేపో మాపో వస్తారు. రాకపోయినా మానను.

నిన్న మొదటి పొర పోశాం. కొత్త చాప పరిచి, కొలిచిన ఇటుకలు మూడు మూలలా పెట్టాను. నాలుగోది తేవడానికి తిరిగేసరికి గాలొచ్చి చాప మూల లేచింది. అత్త అరుగు దిగి వచ్చి ఆ మూల మీద చతికిలబడింది. నాకేసి చూడలేదు. ఎండ పోతోంది, పొయ్యవే అంది. పన్నెండు రోజుల తర్వాత అదే మొదటి మాట.

పోశాను బావా.

ఇకనుంచి ఏటా తొలి పొరకి ముందు పెరడూ ఇల్లూ కొలుస్తాను. ముందు నేను దాచుకున్నవి కొలుస్తాను. ఇది నీకిస్తున్న మాట.

రెండో పొర వేళయింది, అత్త కేకేస్తోంది. వెళ్ళొస్తాను.

నీ మణి