బెల్లం లేని కషాయం

బోధన్,
12-1-1967.

అక్క రేణుకమ్మకు తమ్ముడు దేవిదాస్ నమస్కారాలు. మేమిక్కడ క్షేమం. మెండోరలో నువ్వూ బావా కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను. నా కాలి బొటనవేలి పుండు మాత్రం ఇంకా మానలేదు. దాని సంగతి చివర రాస్తాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నువ్వు పంపిన నిమ్మగడ్డి, ఎండు తులసి, శొంఠి, ధనియాల సంచి సగానికి వచ్చింది. చెంబెడు నీళ్ళు గ్లాసెడయ్యేదాకా మరిగించమన్నావు, నీ మరదలు ఈరవ్వ అట్లాగే మరిగించి ఇస్తోంది. మా చక్కెర ఫ్యాక్టరీ గేటు దగ్గర రోజుకు ఆరు చాయలు తాగేవాణ్ణి, ఇప్పుడు ఒక్కటీ లేదు. కడుపులో మంట తగ్గింది. చెరుకు రసం మరిగే చోట ఆవిరిలో నిలబడి బయట చలిలోకి వస్తే ఏటా పడిశం పట్టేది, ఈసారి అదీ లేదు. నాతో పనిచేసే అయ్యూబ్ రోజూ గ్లాసు పట్టుకొని వస్తాడు. "దేవిదాస్ భాయ్, మీ అక్క కషాయం నాకింత పొయ్యరాదె" అంటాడు.

"పుండు మానలేదంటే నా పాళ్ళలోనే తప్పుంది, మార్చి పంపుతాను" అని రాశావు చూడు, అది చదివినప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. తప్పు నీది కాదక్కా, నాది.

నిజామాబాద్ డాక్టరు నాకు చక్కెర జబ్బని చెప్పి, చక్కెర మానమన్నాడు. మానేశాను. నీ కషాయంలో మాత్రం పూటపూటకూ నిమ్మకాయంత బెల్లం వేసుకున్నాను. ఈరవ్వ వద్దంటే, "చక్కెర బంద్ జెయ్యిమన్నడు గని బెల్లం వద్దన్నడా?" అని నోరు మూయించాను. పదిహేనేళ్ళుగా చెరుకు రసం మరిగించి బతుకుతున్నవాణ్ణి, చక్కెరైనా బెల్లమైనా ఆ రసమేనని నాకు తెలియదా? తెలిసే చేశాను. సిగ్గుగా ఉంది.

సోమవారం డాక్టరు పుండు చూసి, "గిట్లనే ఉంటె వేలు తీసెయ్యాల్సి వస్తది" అన్నాడు. ఈరవ్వ ఏడవలేదు. "బెల్లం తింటుండు సార్" అని నా ముందే చెప్పేసింది. నాకు తల కొట్టేసినట్టయింది. డాక్టరు మందలించి, "కషాయం తాగు, చాయకన్న మంచిదే. గని అదే మందనుకోకు. గోలీలు మింగు, రోజు కట్టు మార్చుకో" అన్నాడు.

ఇంటికి రాగానే బెల్లం కుండ అయ్యూబ్ ఇంటికి పంపేశాను. నాలుగు రోజులుగా ఉత్త కషాయమే. మొదటి రోజు ఉమ్మేయబోయి, ఈరవ్వ మొహం చూసి మింగాను. ఈ పొద్దున తులసి వాసన తెలిసింది. ఇన్నాళ్ళూ నేను తాగింది బెల్లం నీళ్ళక్కా, నీ కషాయం ఇప్పుడు తాగుతున్నాను.

రెండు వారాలకు మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. వేలు ఉన్నా పోయినా ఇక బెల్లం ముట్టను. నువ్వు పాళ్ళేమీ మార్చకు. అవే ఇంకో సంచెడు పంపు.

ఇట్లు,
నీ చేతి కషాయానికి చెడ్డపేరు తెచ్చిన తమ్ముడు,
దేవిదాస్.