జ్వరం లేని ఇంట్లో డబల్ రొట్టె

నాయనకు, అమ్మకు కదిరి నుంచి రమీజా సలాములు. ఈ కార్డు అందేసరికి మా పక్కింటి సుంకమ్మ పామిడి చేరి, నాకు జ్వరమని మీకు చెప్పే ఉంటుంది. నమ్మి బయలుదేరవద్దు. ఇక్కడ అందరం బాగున్నాం.

పెళ్ళయిన కొత్తలో బెంగళూరు హోటల్లో తిన్న శాండ్విచ్‌ని మీ అల్లుడు ఇప్పటికీ తలుచుకుంటాడు. ఇంట్లోనే చేసి పెడదామని నిన్న డబల్ రొట్టె కొని చేతిలో పట్టుకొని వచ్చాను. మన వైపు అది జ్వరమొచ్చినవాళ్ళ తిండి కదా. "ఎవురికి రమీజా జరం?" అని సుంకమ్మ అడిగింది. నేను బదులు చెప్పేలోపే బస్సుకు పొద్దుపోతుందని వెళ్ళిపోయింది. పోతూ పోతూ నాకే జ్వరమని వీధిలో అందరికీ చెప్పింది. అందరూ పరామర్శకు వచ్చారు. ఊరికే పంపలేక, రొట్టె నేతిలో కాల్చి, నడుమ గుడ్డు అట్టు, ఉల్లిపాయ, టమేటా పెట్టి తలా ముక్క ఇచ్చాను.

అత్త మాత్రం ముట్టలేదు. మామ ఆసుపత్రిలో చివరగా తిన్నది ఆ రొట్టేనట. మీ అల్లుడు తన ముక్క ఆమె చేతిలో పెట్టాడు. చాలాసేపు అట్లే పట్టుకొని కూర్చుని, తర్వాత తిన్నది. "బాగుండేటప్పుడు తింటే బాగానే ఉండాదే" అంది.

అక్కడ వాన పడిందా? వేరుశనగ విత్తినారా? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? సుంకమ్మ చేతికి ఎండుమిరపకాయలు ఇచ్చి పంపండి. తమ్ముడికి నా దువా.

అత్త మీకు సలాం చెప్పమంది. రేపు ఇంకో రొట్టె తెమ్మంది. "ఈతూరి కొంగు కింద పెట్టుకోని రా. మళ్ళా వీధంతా వస్తే మనకేం మిగల్దు" అంది.