అన్నకిచ్చిన మాత్రలు

18 అక్టోబరు 1993

రెండేళ్లుగా విత్తనం కూడా తిరిగి రాని చేలో ఈసారి వేరుశనగ పండింది. చెట్టుకు ఇరవై కాయలు. పైన మబ్బు పట్టింది. వాన పడితే కాయ నేలలోనే మొలకెత్తుతుంది. వై.ఎన్.హొసకోట చుట్టుపక్కల అందరి చేలూ ఒకేసారి పండాయి, కూలీలు దొరకడం లేదు. నాకు హైస్కూల్లో క్లర్కు పని. అడిగితే నాలుగు రోజులు లీవిచ్చారు. మా అన్న బొమ్మన్న, వదిన రంగక్క, నేను. ముగ్గురమే పీకుతున్నాం.

సాయంత్రానికి అన్న నడుము పట్టేసింది. వదిన ఇంటికి వెళ్లాక గట్టు మీద వాలిపోయి, "నొప్పి మాత్రలు తెచ్చియ్యప్పా. ఈ చేను పెరికే దాకా సాలు" అన్నాడు.

రెండేళ్ల కిందట బెంగళూరు డాక్టరమ్మ నాతో ఇంగ్లీషులో చెప్పింది. అన్న కిడ్నీలు సగమే పనిచేస్తున్నాయి, ఉప్పు తగ్గించాలి, నొప్పి మాత్రలు ముట్టకూడదు. ఇంటికొచ్చి ఉప్పు సంగతి చెప్పాను. మాత్రల సంగతి తర్వాత చెబుదామనుకున్నాను. చెప్పలేదు.

ఈరోజు తెచ్చిచ్చాను. నాలుగు రోజులకేం అవుతుందిలే అనుకున్నాను.

20 అక్టోబరు

మబ్బు తేలిపోయింది. ఎండ మాడ్చేస్తోంది. అన్న వదిన కంట పడకుండా రోజుకు మూడు మాత్రలు మింగుతూ సాలులో నాకంటే ముందున్నాడు. బిందె నీళ్లు మధ్యాహ్నానికే అయిపోయాయి. బోరు దూరం. చివరి చెంబు వదినకిచ్చి తను పీకుతూనే ఉన్నాడు.

21 అక్టోబరు

పీకడం అయిపోయింది.

22 అక్టోబరు

అన్నకు వాంతులు. వదిన ఎండదెబ్బ అంటోంది. మజ్జిగ కూడా నిలవడం లేదు.

23 అక్టోబరు, ఉదయం

నిన్నటి నుంచి ఒక్కసారే మూత్రానికి వెళ్లాడట, అదీ కొంచెమే. కాళ్లు వాచాయి. పావగడ బస్సు ఎక్కిస్తున్నాం.

అదే రోజు, సాయంత్రం

నర్సింగ్‌హోమ్. క్రియాటినిన్ ఏడు పాయింట్ ఎనిమిది. జూన్‌లో రెండు ఉండేది. అది పెరిగేకొద్దీ కిడ్నీలు చెడుతున్నట్టు. ఏమన్నా మాత్రలు వాడాడా అని డాక్టరు అడిగాడు. వదిన లేదంది. డాక్టరు నావైపు చూశాడు. నేనూ లేదన్నాను.

ఎందుకలా అన్నానో తెలియదు. కాదు, తెలుసు. వదిన పక్కనే ఉంది.

24 అక్టోబరు

పొద్దున కొళాయి దగ్గరికి వెళ్లి వచ్చేసరికి అన్న మంచం మీద లేచి కూర్చున్నాడు. చొక్కా జేబులో మిగిలిన మాత్రలు తీసి రెండు అరచేతిలో పెట్టుకున్నాడు. చెయ్యి పట్టుకుని లాక్కున్నాను. "ఏందిప్పా, నువ్విచ్చినవే కదా" అన్నాడు.

డాక్టరు గదికి పరుగెత్తి అంతా చెప్పేశాను. ఎన్ని, ఎన్ని రోజులు, ఎవరు తెచ్చారు. ఆయన కోప్పడలేదు. అందుకే నాకు భయమేసింది. పొటాషియం పెరుగుతోంది, వెంటనే బెంగళూరుకు తీసుకెళ్లండి, డయాలిసిస్ చేయాలి అన్నాడు. వెనక్కి తిరిగితే తలుపు దగ్గర వదిన.

కారులో అన్న తల ఆమె ఒడిలో ఉంది. శిరా దాటాక అడిగింది. "మింగకూడదని నీకు తెల్సునా?"

తెలుసన్నాను.

బెంగళూరు చేరేదాకా కిటికీలోంచే చూసింది.

26 అక్టోబరు

రెండో డయాలిసిస్. పాత జబ్బు మీద కొత్త దెబ్బ పడిందని డాక్టరమ్మ చెప్పింది. మాత్రలు, పైగా ఒంట్లో నీళ్లు లేకపోవడం. కొత్త దెబ్బ మానితే మానవచ్చు, మానకపోవచ్చు. మూత్రం కొలిచి రాయమంది. ఈరోజు తొంభై మిల్లీలీటర్లు.

28 అక్టోబరు

నూట ఇరవై.

30 అక్టోబరు

నాలుగు వందలు. రెండుసార్లు కొలిచాను.

2 నవంబరు

పదహారు వందలు. ఇక డయాలిసిస్ వద్దన్నారు. అన్న గంజి తాగి, కాయలు ఎండినాయా అని అడిగాడు. వదిన బయటికి వెళ్లినప్పుడు ఆయనకు కూడా చెప్పేశాను. తెలిసే ఇచ్చాను అన్నా, అన్నాను.

"తెల్సినా, నేనడిగితే నువ్వు ఇయ్యకుండా ఉంటావా" అన్నాడు. క్షమించాడో, నిందించాడో అర్థం కాలేదు.

9 నవంబరు

ఇంటికొచ్చాం. క్రియాటినిన్ మూడు పాయింట్ నాలుగు. మళ్లీ రెండుకు రాదట. ఎప్పుడో ఒకరోజు డయాలిసిస్ తప్పకపోవచ్చట.

ఈసారి డాక్టరమ్మ చెప్పిందంతా వదినకు తెలుగులో చెప్పాను. నొప్పి మాత్రలు వద్దు, నొప్పి సూదులూ వద్దు. వాంతులో విరేచనాలో పట్టుకుంటే ఆ రోజే ఆసుపత్రికి. వదిన చివరిదాకా విని లోపలికి వెళ్లిపోయింది. అన్నం గిన్నె నా ముందు పెడుతుంది. మాట్లాడదు.

21 నవంబరు

వదిన మాట్లాడింది. "రేపు రగతం చూపిచ్చేకి పావగడకు పోవాల. నువ్వూ రా. డాక్టరు ఏమంటే అది నాకు ఆడనే చెప్పు. ఇంటికొచ్చినాక వద్దు."

సరే వదినా అన్నాను.