కిటికీ పక్క బల్ల

వీధి మొత్తం నన్ను హోటలమ్మ అంటుంది కాబట్టి ఇక్కడా ఆ పేరుతోనే రాయిస్తున్నాను. ఒంట్లో జబ్బు ముదిరింది గాని బుద్ధి చెదరలేదు. ఎవరి ఒత్తిడీ, ప్రలోభమూ లేకుండా ఇష్టపూర్వకంగా రాయించుకుంటున్న వీలునామా ఇది. నా తదనంతరం దీన్ని అమలు జరిపించే బాధ్యత మా లాయరుది. ఏళ్ల తరబడి నా టీకి వంకలు పెడుతూనే తాగుతున్నాడు, నమ్మకస్తుడే.

1. హోటలు, వంటగది, పాత్రసామగ్రి సర్వహక్కులతో నా కూతురికి చెందాలి. పొయ్యి దగ్గర నిలబడి కాళ్లు వాచింది దానికే.

2. నా కొడుక్కి గల్లాబల్ల. దాని కింది అరలోనే వాణ్ణి పసిగుడ్డుగా పడుకోబెట్టుకుని వ్యాపారం చేశాను. బస్సులన్నీ ఊరవతల కొత్త రోడ్డు మీద పోతుంటే ఇంకా ఎవరి కోసం ఈ పొయ్యి అంటూ, నేను మంచాన ఉండగానే కొనేవాణ్ణి తెచ్చి గోడలు కొలిపించాడు. బల్ల తీసుకుపొమ్మనండి. గోడల జోలికి మాత్రం రాకూడదు. వాడి మీద కోపం ఉంది, ప్రేమ అంతకన్నా ఎక్కువ ఉంది, ఏం చేయను.

3. ఖాళీ హోటల్లోకి ఎవరూ అడుగు పెట్టరు. అందుకే మొదట వచ్చినవాళ్లను కిటికీ పక్కన కూర్చోబెట్టడం మా అత్తగారి నాటి పద్ధతి. ఇప్పుడు ఆ మొదట వచ్చేవాళ్లే కరువయ్యారు. ఎదురు కొట్టు టైలరూ, పక్క కొట్లో వాచీలు బాగుచేసే ఆయనా అడక్కుండానే ఆ పని నెత్తినేసుకున్నారు. ఒకరు కాజాలు కుట్టుకుంటూ, ఒకరు కంటికి భూతద్దం తగిలించుకుని, చల్లారిన టీ ముందు కూర్చుంటారు. దారిన పోయేవాళ్లకు లోపల జనం ఉన్నట్టు కనిపించాలని వాళ్ల తాపత్రయం. నా పొయ్యి ఆరితే ఈ వీధి మొహం ఎవరూ చూడరనీ, తామూ తాళాలు వేసుకోవాల్సిందేననీ టైలరు ఓసారి అన్నాడు. కాబట్టి ఆ బల్ల, రెండు కుర్చీలు వాళ్లిద్దరికీ. బతికున్నన్నాళ్లూ టీ ఉచితం.

4. మా చేతి అన్నం తిన్న ఊరివాళ్లకు ఆస్తి రాయడం లేదు, సిగ్గు విడిచి అడుగుతున్నాను. నేను పోయాక నా మంచితనం చెప్పుకోవడానికి రావద్దు, ఆకలేసి రండి. ఇంట్లో వండుకున్నా సరే, అప్పుడప్పుడు ఒక పూట ఇక్కడ తినండి. నేను పోయిన రోజు కూడా షట్టరు దించకూడదు. ఒక్కసారి దించితే మళ్లీ ఎత్తే ధైర్యం నా కూతురికి ఉండదేమోనని భయంగా ఉంది.

5. ఇంతవరకూ చదివి వినిపించాక లాయరు కలం పక్కన పెట్టాడు. వీలునామాలో ఏదైనా పొందేవాళ్లు సాక్షి సంతకం చేస్తే వాళ్లకు రాసింది చెల్లదట. అమలు చేసేవాణ్ణి గనక తానూ చేయనన్నాడు. సంతకానికి వచ్చి కూర్చున్నది టైలరూ, వాచీల ఆయనే. వేరే ఇద్దరిని పిలుచుకురమ్మని కూతుర్ని వీధిలోకి పంపాను. మందుల షాపుకు తాళం, పుస్తకాల కొట్టుకు తాళం, మంగలి షాపు ముందు అద్దె బోర్డు. ఒక్కతే తిరిగొచ్చింది. కొత్త రోడ్డు దాకా వెళ్లి మనుషులను తెచ్చేలోగా నేను ఉంటానో లేదో.

టైలరే కలం తీసి నా చేతిలో పెట్టాడు.

“కొట్టేయ్ అక్కా. రేపు పొద్దున ఎలాగూ వచ్చి కూర్చుంటాం కదా.”

మూడో అంశాన్ని రద్దు చేస్తున్నాను. ఈ వీధిలో నాకు మిగిలిన ఇద్దరికీ ఏమీ ఇవ్వకుండా పోతున్నాను.

తేదీ: ఈ నెల పద్నాలుగు, మంగళవారం, హోటలు తెరిచి ఉండగా.

సంతకం: హోటలమ్మ

సాక్షులు:
ఎదురు కొట్టు టైలరు
పక్క కొట్టు వాచీల మెకానిక్
(ఇద్దరూ కిటికీ పక్క బల్ల మీద సంతకం చేశారు.)