ఏడో ముక్క

8 జులై 2002

పొద్దున కుళాయి నీళ్ళు ఎర్రగా వచ్చాయి. గోదావరికి కొత్త నీరు. బిందె అడుగున బురద దిగేదాకా చూస్తూ కూర్చున్నాను. కాలేజీ బస్సు తప్పింది.

నేను స్కూలు హాస్టల్లో ఉన్నప్పుడు కువైట్ నుంచి అమ్మ పంపిన క్యాసెట్ సంచిలోనే ఉంది. మిగిలింది ఇదొక్కటే, మిగతావి బూజు పట్టాయి. ఇదీ అరిగిపోయింది. పూర్తిగా పోయేలోగా ల్యాబ్ కంప్యూటర్‌లోకి ఎక్కించాలి.

9 జులై

ఎక్కలేదు. సగందాకా బాగానే నడిచింది. మధ్యలో సేవ్ కూడా చేశాను. ఉన్నట్టుండి మెషీన్ బిగుసుకుపోయింది. మళ్ళీ ఆన్ చేస్తే ఫైలు పేరుంది, లోపల ఏమీ లేదు.

ల్యాబ్ చూసే సుబ్బరాజు గారిని అడగడానికి మధ్యాహ్నందాకా ధైర్యం చాల్లేదు. ఆయన నవ్వారు. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు చేసేదేనట. అందరి ఫైళ్ళూ సర్వర్‌లో ఉంటాయి. మన ముందున్న మెషీన్ తన డిస్కులో కాస్త చోటు చేసుకుని కాపీ ఉంచుకుంటుంది, దాన్నే క్యాష్ అంటారు. సేవ్ కొడితే అక్కడిదాకానే. క్లోజ్ చేస్తేనే సర్వర్‌కి చేరుతుంది. పాత డిస్కులు కదా, ఆ చోటుకి చిన్న హద్దు పెట్టారు. అది నిండితే మెషీన్ బిగుసుకుంటుంది.

"మా భీమవరం చేపల చెరువే అనుకోమ్మా. గట్టు చూసుకోకుండా నీళ్ళు పెడతామా?"

ముక్కలుగా తీసుకోమన్నారు. ఒక ముక్క క్లోజ్ చేశాకే ఇంకోటి.

10 జులై

క్యాసెట్ బయటికి తీయలేదు. భయం.

హాస్టల్లో ఆదివారం ప్రార్థన అయ్యాక సిస్టర్ గారు టేప్‌రికార్డర్ ఇచ్చి పక్క గదిలోకి వెళ్ళేవారు. ఈ క్యాసెట్టే. అక్కడ తను పనిచేసే ఇంటి మేడమ్ వింటుందని అమ్మ గుసగుసగా మాట్లాడేది. వెనక వాషింగ్ మెషీన్ చప్పుడు. "బుజ్జమ్మా, తలకి నూనె రాసుకుంటున్నావా?"

రాసుకుంటున్నానమ్మా... టేప్‌రికార్డర్‌కే చెప్పేదాన్ని.

12 జులై

పక్క సీట్లోంచి చిట్టి — సినిమా పాటలా, నాకూ ఓ కాపీ ఇవ్వవే అని హెడ్‌ఫోన్ లాక్కుంది. కాసేపు విని మెల్లగా నా చేతిలో పెట్టింది.

ఆరు ముక్కలు క్లోజ్ చేశాను. ఏడోది నడుస్తుండగా నూనె మాట దగ్గరికొచ్చింది. అక్కడ ఆపేసి క్లోజ్ చేయాలి. అమ్మ మాట మధ్యలో ఆపబుద్ధి కాలేదు. వింటూ ఉండిపోయాను. క్యాష్ నిండింది. మెషీన్ బిగుసుకుంది. టేపు మాత్రం తిరుగుతూనే ఉంది — చుట్టుకుపోయి, తెగింది.

15 జులై

ఏడో ముక్క కోసం సుబ్బరాజు గారు చాలాసేపు వెతికారు. దొరకలేదు. మెషీన్ మళ్ళీ లేచినప్పుడు సగంలో ఉన్నవన్నీ తుడిచేసుకుంటుందట.

"ఆరు దక్కాయి కదమ్మా." సీడీ రాసిచ్చారు. వెళ్ళేటప్పుడు ఎవరి గొంతు అని అడిగారు. చెప్పాను.

16 జులై

ఆరు ముక్కలూ విన్నాను. వాషింగ్ మెషీన్ చప్పుడు ఉంది. నూనె మాట లేదు.

18 జులై

చిట్టి వాళ్ళ సీడీ ప్లేయర్ ఇంటికి తెచ్చాను. అమ్మకి వినిపించాలా... వద్దా... సీడీ పెట్టాను, తీసేశాను.

సాయంత్రం అమ్మ నన్ను ముందు కూర్చోబెట్టుకుని తలకి నూనె రాసింది. ప్లేయర్ వైపు చూసి, ఏమిటన్నట్టు భుజం తట్టింది. గొంతు ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి తనకి మాట లేదు.