ఆపకుండా మరమ్మతు

బావగారికి నమస్కారం.

మీ చెల్లెలిది మామూలు జలుబే అనుకున్నాం. ఆ వైరస్ గుండె కండరానికి పాకిందట. గండం గడిచింది, కంగారుపడకండి.

నిన్న డాక్టరమ్మ స్కాన్ తెరమీద మీ చెల్లెలి గుండెను చూపించారు. వాచిపోయి కూడా కొట్టుకుంటూనే ఉంది. పంపుల మెకానిక్ బుద్ధి కదా, "కాసేపు ఆపి బాగుచేయరా?" అనేశాను.

"ఇది మీ పంపు కాదండీ. నడుస్తూనే బాగవ్వాలి," అన్నారామె.

"ఇంట్లో నేను మాత్రం ఏనాడు ఆగాను?" అంది మీ చెల్లెలు.

ఆరు నెలలు బరువు పని కూడదట. మీరు ఇల్లు మారేటప్పుడు సాయానికి వస్తానంటోంది. నా మాట వినదు, రావద్దని మీరే గట్టిగా చెప్పండి.

ముప్పై ఏళ్లుగా రోజూ నా మరమ్మతుల పుస్తకంలో "ఆపి, విప్పి, బాగుచేశాను" అని రాస్తున్నాను. నిన్న మాత్రం "ఆగకుండానే బాగవుతోంది" అని రాశాను.

మీ బావ